ఫోన్ మోసాలు, పోయిన డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇప్పుడే ఖాతాలోంచి డబ్బు పోయింది. మొదట ఏం చేయాలి?

సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మిగతా ప్రశ్నలు తర్వాత చదువుకోవచ్చు.

ఎందుకింత తొందరంటే, పోయిన డబ్బు ఒకచోట ఉండదు. మీ దగ్గర్నుంచి వెళ్లిన లక్ష నిమిషాల్లో నాలుగైదు ఖాతాల్లోకి చీలిపోతుంది. అక్కణ్నుంచి మరో పది ఖాతాలకు పాకి, చివరికి ఏ ఊళ్లోనో ఏటీఎం నుంచి నోట్లుగా బయటికొస్తుంది, లేదా క్రిప్టోగా మారిపోతుంది. 1930లో ఫిర్యాదు నమోదవగానే ఆ వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తాయి. ఇంకా అక్కడ ఎంత మిగిలి ఉంటే అంత కదలకుండా ఆపుతారు. మొదటి గంటలో చెప్పినవాళ్లకీ, రాత్రంతా ఆలోచించి పొద్దున చెప్పినవాళ్లకీ తేడా వచ్చేది ఇక్కడే.

ఫోన్ చేసేటప్పుడు ఇవి దగ్గర పెట్టుకోండి:
- మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు లేదా కార్డు నంబరు
- ఎంత పోయింది, ఏ తేదీ, ఎన్ని గంటలకు
- యూపీఐ అయితే ఆ లావాదేవీ వివరాల్లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు
- డబ్బు చేరిన యూపీఐ ఐడీ లేదా ఖాతా నంబరు, మోసగాడి ఫోన్ నంబరు

అన్నీ దొరకలేదని ఆగొద్దు, ఉన్నవాటితోనే చేయండి. లైన్ దొరక్కపోతే ఒకరు 1930కి ప్రయత్నిస్తూనే ఉండాలి, ఇంకొకరు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నింపాలి. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ మూడూ ఆపించండి. మీ ఫోన్‌లో ఏదైనా యాప్ ఎక్కించి ఉంటే ఈ ఫోన్లన్నీ వేరేవాళ్ల మొబైల్ నుంచి చేయండి. మోసగాడితో జరిగిన చాటింగ్, కాల్ లిస్టు సిగ్గుతోనో కోపంతోనో చెరిపేయొద్దు. స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి.

1930కి చెప్పాం కదా, స్టేషన్‌కి కూడా వెళ్లాలా?

వెళ్లాలి. 1930లో మీకు ఇచ్చేది ఫిర్యాదు నంబరు, అది ఎఫ్‌ఐఆర్ కాదు. ఫోన్‌లో చెప్పిన వివరాలను 24 గంటల్లోపు పోర్టల్‌లో పూర్తి చేసి, ఆ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని సైబర్ క్రైమ్ స్టేషన్‌కో దగ్గర్లోని స్టేషన్‌కో వెళ్లండి. "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు.

ఆపిన డబ్బు దానంతటది వెనక్కి రాదు, చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో ఇలాంటి వాటిని జాతీయ లోక్ అదాలత్‌లలో పెట్టి బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. కాబట్టి మీ కేసులో ఎంత ఆగిందో, ఏ బ్యాంకులో ఆగిందో దర్యాప్తు అధికారిని అడిగి రాసుకుని, లోక్ అదాలత్ తేదీ ముందే కనుక్కోండి.

బ్యాంకు ఇస్తుందా, ఇవ్వదా?

డబ్బు ఎలా పోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆర్‌బీఐ 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వులో లెక్క ఇలా ఉంది. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడెవడో డబ్బు లాగేస్తే, బ్యాంకు మెసేజ్ వచ్చాక 3 పని దినాల్లోపు చెప్తే మీరు భరించాల్సింది సున్నా. 4 నుంచి 7 పని దినాల మధ్య చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు మీ మీద పడుతుంది, జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతాకు 5,000. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు బోర్డు విధానం ఏం చెప్తే అది. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు. మీరు చెప్పిన 10 పని దినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

ఓటీపీ మీరే చెప్పినా, పిన్ మీరే కొట్టినా మాత్రం కథ మారుతుంది. బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మీ నష్టమే. చెప్పిన క్షణం తర్వాత పోయినది బ్యాంకు నష్టం. ఈ రెండో ముక్క చాలామందికి తెలియదు. అందుకే కస్టమర్ కేర్‌కి చేసినప్పుడు ఫిర్యాదు నంబరు, టైము తప్పకుండా రాసుకోవాలి.

30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకు 14448.

ఫోన్ చేసింది నిజంగా బ్యాంకువాళ్లేనా, ఎలా తెలుస్తుంది?

బ్యాంకులు సేవల కోసం చేసే కాల్స్‌కు 1600తో, ప్రకటనల కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. "బ్యాంకు హెడ్డాఫీసు నుంచి" అంటూ మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి వస్తే అక్కడే అనుమానించాలి.

అవతలివాడు మీ పేరు, బ్రాంచి, కార్డులో చివరి నాలుగు అంకెలు, ఒక్కోసారి పుట్టిన తేదీ కూడా గడగడా చెప్పేస్తాడు. అది రుజువు కాదు. ఆ వివరాలు బజారులో అమ్ముడవుతూనే ఉంటాయి. ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయండి. గూగుల్‌లో "ఫలానా బ్యాంకు కస్టమర్ కేర్" అని వెతికి, పైన కనిపించిన నంబరుకు మాత్రం చేయొద్దు. అక్కడ దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లున్నారు.

మెసేజ్‌కి కూడా గుర్తుంది. అసలైన సంస్థల మెసేజ్ పది అంకెల నంబరు నుంచి రాదు, అక్షరాల పేరుతో వస్తుంది. ఆ పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది: ప్రకటనకు పి, సేవకు ఎస్, లావాదేవీకి టి, ప్రభుత్వానికి జి. ఇక బ్యాంకుల వెబ్‌సైట్లు ఆర్‌బీఐ ఆదేశంతో "బ్యాంక్ డాట్ ఇన్"తో ముగిసే చిరునామాలకు మారాయి. లింకులో ఆ తోక లేకపోతే ముట్టుకోవద్దు.

"డిజిటల్ అరెస్ట్" అంటే ఏంటి? అలా చేయడానికి చట్టంలో వీలుందా?

లేదు. వీడియో కాల్‌లో అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరు 27న "మన్ కీ బాత్"లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. అయినా రిటైర్డ్ ప్రొఫెసర్లు, డాక్టర్లు, బ్యాంకుల్లో పనిచేసి దిగినవాళ్లు కూడా పడుతున్నారు. ఎందుకు పడుతున్నారో తెలియాలంటే ఆ ఫోన్ ఎలా నడుస్తుందో దగ్గర్నుంచి చూడాలి.

మొదట ఒక రికార్డింగ్: "మీ నంబరు రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకు 9 నొక్కండి." నొక్కగానే మర్యాదగా మాట్లాడే ఒక గొంతు. మీ ఆధార్‌తో ముంబైలో ఎవరో సిమ్ తీసుకున్నారట, లేదా మీ పేరున వెళ్తున్న కొరియర్‌లో పాస్‌పోర్టులు, డ్రగ్స్ దొరికాయట. "మీరు కాదంటే మంచిదే సార్, ముంబై పోలీసులకు కనెక్ట్ చేస్తాను, మీరే చెప్పుకోండి." ఇక్కడిదాకా మిమ్మల్ని ఎవరూ బెదిరించలేదు, సాయం చేస్తున్నట్టే ఉంటుంది. మీ అంతట మీరే రెండో మనిషి దగ్గరికి వెళ్తారు. అతను వీడియోలో యూనిఫాంలో, వెనక జెండా, అశోక స్తంభంతో కనిపిస్తాడు. కాసేపటికి మీ పేరుతో సుప్రీంకోర్టు ముద్ర ఉన్న కాగితం వాట్సాప్‌లో దిగుతుంది. అప్పుడు వస్తుంది అసలు వాక్యం: "ఇది రహస్య విచారణ. ఇంట్లోవాళ్లకు చెప్తే వాళ్లూ ముద్దాయిలవుతారు. గది తలుపు వేసుకోండి, కెమెరా ఆపొద్దు."

డబ్బు లాగేది ఆ వాక్యమే. పక్కవాళ్లతో ఒక్క మాట అంటే "ఇదేంటి, పిచ్చా?" అని కట్ చేయిస్తారని వాడికి తెలుసు. అందుకే నిద్రలోనూ కెమెరా ఆన్‌లో పెట్టిస్తాడు. తర్వాత "మీ డబ్బు సక్రమమో కాదో ఆర్‌బీఐ తనిఖీ చేసి మూడు రోజుల్లో వెనక్కి వేస్తుంది" అంటూ ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీయించి, పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్ ద్వారా తన ఖాతాకు వేయిస్తాడు. బ్యాంకులో అడిగితే "కొడుక్కి ఇల్లు కొంటున్నాం" అనమని కూడా నేర్పుతాడు.

నిజమైన పోలీసులు విచారణకు పిలవాలంటే నాగరిక్ సురక్షా సంహితలోని 35వ సెక్షన్ కింద నోటీసు ఇస్తారు. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పోలీసునంటూ ఎవరు ఫోన్ చేసినా "పేరు, స్టేషన్ చెప్పండి, మా అబ్బాయిని తీసుకుని నేనే వస్తాను" అనండి. నిజమైనవాడు సరే అంటాడు.

ఇంట్లో పెద్దవాళ్లు అలా గదిలో ఉండిపోతే, తలుపు తోసుకు వెళ్లి ఫోన్ స్విచాఫ్ చేయండి. వాదన, తిట్లు తర్వాత. భయంలో ఉన్న మనిషి మీకంటే "ఆఫీసర్" మాటే నమ్ముతారు, కాబట్టి దగ్గర్లోని స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్‌ని పిలిపించి ముఖాముఖి చెప్పిస్తే త్వరగా తేరుకుంటారు.

"ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్ చేస్తాం" అని మెసేజ్ వచ్చింది. నిజంగానే బిల్లు బాకీ ఉంది, ఎలా?

బాకీ ఉంటే కరెంటు సంస్థ (డిస్కం) యాప్‌లోనో మీ మామూలు యూపీఐ యాప్‌లోనో సర్వీసు నంబరు కొట్టి కట్టేయండి. మెసేజ్‌లోని నంబరుకు చేయొద్దు. విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ ప్రకారం బాకీకి కరెంటు కట్ చేయాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నంబరుకు చేస్తే "అప్‌డేట్ కాలేదు, పది రూపాయలు కట్టి చూపించండి" అంటూ స్క్రీన్ కనిపించే యాప్ ఎక్కిస్తారు. ఆ పది కట్టేటప్పుడు మీరు కొట్టిన పిన్, వచ్చిన ఓటీపీ వాడికి అవతల కనిపిస్తూ ఉంటాయి.

నాకు డబ్బు రావాలంటే పిన్ కొట్టాలా?

అక్కర్లేదు. బ్యాలెన్స్ చూసుకోవడానికి తప్ప, పిన్ కొట్టేది డబ్బు పోవడానికే. పాత సోఫా అమ్మకానికి పెడితే "ఆర్మీలో ఉన్నాను, అడ్వాన్స్ పంపుతున్నా, క్యూఆర్ స్కాన్ చేయండి" అనేవాడి మొత్తం వ్యాపారం ఈ ఒక్క అపోహ మీదే నడుస్తోంది.

"అక్కా, పొరపాటున మీకు 20,000 పంపాను, వెనక్కి పంపండి" అని ఒకావిడ ఏడుస్తోంది.

ముందు బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూడండి. మెసేజ్ చూసి కాదు. "జమ అయింది" అనే మెసేజ్‌ను ఎవరైనా తన ఫోన్ నుంచి టైపు చేసి పంపొచ్చు.

డబ్బు నిజంగానే పడి ఉంటే ఇంకా జాగ్రత్త. అది వేరే బాధితుడి డబ్బు కావచ్చు. మీరు ఆమె చెప్పిన ఖాతాకు పంపితే గొలుసులో మీరూ ఒక లంకె అవుతారు, రేపు ఫ్రీజ్ అయ్యేది మీ ఖాతా. మీ బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, వచ్చిన దారినే వెనక్కి పంపమనండి. ఆమెను తన బ్యాంకుకు వెళ్లమనండి.

బాబాయి నంబరు నుంచే పెళ్లి శుభలేఖ వచ్చింది, తెరిస్తే ఏదో ఇన్‌స్టాల్ అయింది. ఏమైనట్టు?

అది శుభలేఖ కాదు, ఏపీకే ఫైలు. అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కే యాప్. ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్, బ్యాంకు రివార్డు పాయింట్లు, కేవైసీ ఇలా పేర్లు మారుతుంటాయి, లోపల సరుకు ఒకటే. ఎక్కాక అది మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. మీరు "అలో" నొక్కగానే మీకు వచ్చే ప్రతి ఓటీపీ అవతలకు వెళ్తుంది. ఫోన్ మోగదు, ఎవరూ మాట్లాడరు, రాత్రి రెండింటికి ఖాతా ఖాళీ అవుతుంది. పైగా మీ వాట్సాప్‌ను లాక్కుని అదే ఫైలును మీ చుట్టాలందరికీ పంపుతుంది. బాబాయి నంబరు నుంచి వచ్చింది అలాగే.

చేయాల్సిన వరుస:
1. ఫ్లైట్ మోడ్ పెట్టండి. వైఫై కూడా ఆగిందో లేదో చూడండి.
2. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి లావాదేవీలు ఆపించండి.
3. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి, మీరు ఎక్కించనిదాన్ని వెతకండి. ఇలాంటివి తెర మీద బొమ్మ దాచేసుకుంటాయి, జాబితాలో మాత్రం దొరుకుతాయి.
4. అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే దానికి డివైస్ అడ్మిన్, యాక్సెసబిలిటీ అనుమతులు ఉన్నట్టే. ముందు అవి తీసేసి, తర్వాత తొలగించండి. అప్పటికీ మొండికేస్తే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి.
5. ఫోటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే క్షేమం. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ ఆ తర్వాత మార్చండి. ముందే మారిస్తే కొత్తవి కూడా వాడికి చేరతాయి.

చలాన్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఏ ఫైలూ అక్కర్లేదు, పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే చాలు.

డెలివరీ అబ్బాయి *21* అని మొదలుపెట్టి ఒక నంబరు డయల్ చేయమన్నాడు.

చేయొద్దు. అది మీ కాల్స్‌ను వేరే నంబరుకు మళ్లించే కోడ్. కొన్ని నెట్‌వర్క్‌లకు *401* ఉంటుంది. మళ్లిందంటే ఫోన్ ద్వారా చెప్పే ఓటీపీలు, బ్యాంకు నిర్ధారణ కాల్స్ వాడికి పోతాయి. ఇప్పటికే చేసి ఉంటే *#21# కొట్టి స్థితి చూడండి, ##002# కొట్టి మళ్లింపులన్నీ రద్దు చేయండి. పనిచేయకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వార్డింగ్ దగ్గర తీసేయండి.

లోన్ యాప్ అసలుదో దొంగదో ఎలా తేల్చుకోవాలి?

ఆర్‌బీఐ నిబంధనల్లోంచి మూడు ప్రశ్నలు తీసుకోండి. అప్పు ఇస్తున్న బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ) పేరు రాసుందా? డబ్బు ఆ సంస్థ ఖాతా నుంచే నేరుగా వస్తోందా, వాయిదా దానికే నేరుగా వెళ్తోందా? మీ కాంటాక్టులు, ఫోటోలు అడుగుతోందా? మూడోదానికి అవును అని వస్తే మిగతా రెండూ చూడక్కర్లేదు. అప్పిచ్చే యాప్‌కు మీ కాంటాక్టుల జాబితా తీసుకునే హక్కే లేదు. బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు తాము వాడుతున్నామని ఆర్‌బీఐకి తెలిపిన యాప్‌ల జాబితా ఆర్‌బీఐ సైట్‌లో ఉంది.

ఇప్పటికే చిక్కుకుని, మార్ఫింగ్ ఫోటోలు అందరికీ పంపుతామని బెదిరిస్తుంటే డబ్బు కట్టినా ఆగరు. ఇంకా పిండొచ్చని తెలిసిపోతుంది అంతే. ఒక స్టేటస్ పెట్టండి: "నా ఫోన్ నుంచి నంబర్లు దొంగిలించారు, నా పేరుతో ఏం వచ్చినా నమ్మొద్దు." వాళ్ల ఆయుధం సగం పోతుంది. తర్వాత 1930.

వాట్సాప్ గ్రూపులో షేర్ల టిప్స్ ఇస్తున్నారు. యాప్‌లో నా 50,000 మూడు లక్షలైంది. ఎందుకు అనుమానించాలి?

ఆ మూడు లక్షలు తెర మీద రాసిన అంకె కాబట్టి. నిజంగా షేరు కొంటే అది మీ డీమ్యాట్ (షేర్లు దాచే ఖాతా)లో ఉంటుంది, ఆ ఖాతాల లెక్క ఉంచే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ స్టేట్‌మెంటులో కనిపిస్తుంది. అక్కడ లేకపోతే మీ దగ్గర షేరే లేదు. రెండో పరీక్ష, డబ్బు ఎవరి పేరుకు వెళ్తోంది? ఏదో ఎంటర్‌ప్రైజెస్, ఏదో ట్రేడర్స్ పేరున ఉన్న కరెంట్ ఖాతా అయితే, వారానికో కొత్త ఖాతా ఇస్తుంటే, ఇక చూడాల్సింది లేదు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర నమోదైన బ్రోకర్ల యూపీఐ ఐడీల్లో 2025 అక్టోబరు నుంచి "వ్యాలిడ్" అనే మాట ఉంటుంది, "సెబీ చెక్"లో ఆ ఐడీ కొట్టి సరిచూసుకోవచ్చు.

తీసుకోబోతే "ముందు 20 శాతం పన్ను కట్టండి" అంటారు. పన్ను బ్రోకర్‌కి ముందుగా కట్టేది కాదు. అక్కడితో ఆపేయండి. టెలిగ్రామ్‌లో హోటళ్లకు రేటింగ్ ఇస్తే 150 రూపాయలు అనే పార్ట్‌టైం పని కూడా ఇదే గాలం. మొదట పడే ఆ 150 ఎర.

నా ఖాతా నెలరోజులు వాడుకుని కమీషన్ ఇస్తామంటున్నారు. నాకేం నష్టం?

అందులో తిరిగేది మోసం డబ్బు. ఎఫ్‌ఐఆర్‌లో మొదట దొరికే పేరు, చిరునామా, ఫోటో మీవే. అసలువాడు ఏ దేశంలో ఉన్నాడో ఎవరికీ తెలియదు, స్టేషన్‌లో నిలబడేది మీరు.

వేలిముద్రతో కూడా డబ్బు లాగుతారా?

ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే మైక్రో ఏటీఎంలో (బ్యాంకు ఏజెంట్ల దగ్గర ఉండే చిన్న యంత్రం) డబ్బు తీయొచ్చు, ఒక విడతకు 10,000 వరకు. ఓటీపీ అడగదు. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రలను నకలు తీసి లాగిన కేసులు మన దగ్గరే బయటపడ్డాయి. ఆధార్ యాప్‌లో లేదా ఆధార్ సైట్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే ఆ దారి మూతపడుతుంది. ఒక చిక్కుంది: లాక్ ఉన్నంతకాలం రేషన్ షాపులో, పింఛను దగ్గర మీ వేలు కూడా పనిచేయదు. ఆ రోజుల్లో తాత్కాలికంగా తెరుచుకోవాలి. వేలిముద్రతో పోయిన డబ్బు మీరు ఇచ్చింది కాదు కాబట్టి, పైన చెప్పిన 3 రోజుల లెక్కతో బ్యాంకును గట్టిగా అడగండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి గొంతుతోనే ఏడుస్తూ ఫోన్ వచ్చింది.

రీల్స్‌లో, యూట్యూబ్‌లో ఉన్న కొన్ని సెకన్ల మాటతో గొంతును నకలు చేయొచ్చు. అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ మధ్యాహ్నం అయ్యేలా చూసి చేస్తారు, అబ్బాయి నిద్రలో ఉండి ఫోన్ ఎత్తడని. వాడి రూమ్మేట్ నంబరు, ఒక స్నేహితుడి నంబరు ఇప్పుడే రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇంట్లోవాళ్లకే తెలిసిన ముద్దుపేరో, చిన్నప్పటి పక్కింటివాళ్ల పేరో గుర్తుమాటగా పెట్టుకోండి.

కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం అంటున్నారు. వెళ్లొచ్చా?

ఈ ఫోన్లు చేసే కాల్ సెంటర్లు కొన్ని అక్కడే ఉన్నాయి. ఉద్యోగమని తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, సొంత ఊరివాళ్లనే తెలుగులో మోసం చేయమని కూర్చోబెడతారు. విశాఖపట్నం కుర్రాళ్లను 2024లో కంబోడియా నుంచి వెనక్కి తెచ్చారు. ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. టూరిస్టు వీసా మీద పనికి పంపుతానంటే అక్కడితో మాట ముగించండి.

పోయిన డబ్బు ఇప్పిస్తామని ఒక "సైబర్ లాయర్" ఫోన్ చేశాడు. మా కేసు వివరాలన్నీ తెలుసు.

తెలియకుండా ఎలా ఉంటాయి, పోయినసారి ఇచ్చింది వాళ్లకే కదా. ఒకసారి పడినవాళ్ల జాబితాను మళ్లీ అమ్ముతారు. "కోర్టు ఫీజు", "అన్‌ఫ్రీజ్ చార్జీ" అంటూ ఐదు వేలతో మొదలుపెడతారు. 1930కి ఫీజు లేదు, అంబుడ్స్‌మన్‌కి ఫీజు లేదు. మీ కేసు గురించి మాట్లాడాల్సింది మీ ఎఫ్‌ఐఆర్ మీద పేరున్న దర్యాప్తు అధికారి, అది కూడా స్టేషన్‌లో. ఆ నంబరును టెలికాం శాఖ సైట్ సంచార్ సాథీలోని "చక్షు"లో నమోదు చేసి, బ్లాక్ చేయండి.